ముందు వంతెన, ఆ తర్వాతే హాలు: కోనసీమలో కంపెనీ సమావేశం పెట్టాలనుకునేవారికి

ఫోను చేసినవారు మొదట అడిగేది హాలు గురించే. "రెండు వందల మందికి ఏసీ హాలు దొరుకుతుందాండీ? కిటికీలోంచి గోదావరి కనబడాలి." దొరుకుతుందండీ, కనబడుతుంది, కానీ ఆ రెండు వందల మంది ఏ వంతెన మీదుగా వస్తారో ముందు చెప్పండి అంటాను. అవతల కాసేపు మాట వినబడదు. సమావేశానికీ వంతెనకీ ఏం సంబంధమని వారి అనుమానం.

మాది మలికిపురం. మా నాన్నగారు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చేవారు. డిగ్రీ అయ్యాక దుకాణంలో లెక్కలు రాద్దామని కూర్చున్నాను. 2009లో ఒక మోటారు పంపుల కంపెనీ డీలర్ల సమావేశానికి సామాను పంపి ఊరుకోకుండా, వారి భోజనాలు, బస్సులు, పడవలు అన్నీ నెత్తిన వేసుకున్నాను. అప్పటినుంచి ఇదే పని. ఎరువులు, విత్తనాలు, రొయ్యల మేత, సిమెంటు, బీమా, ఇలా ఎవరి డీలర్లు వారికుంటారు, అందరికీ ఏడాదికొక సమావేశం ఉంటుంది. బాలి, మాల్దీవులు అని మొదలుపెట్టి, ఖర్చు లెక్క చూసుకున్నాక ఇక్కడి నది ఒడ్డున రిసార్టులున్న దిండి దగ్గర ఆగేవారే ఎక్కువ. అందుకు నాకేమీ చిన్నతనం లేదు. కొబ్బరిచెట్లూ నీళ్లూ పడవలూ ఇక్కడా ఉన్నాయి, పైగా పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఒక్క విషయం మరిచిపోకండి. కోనసీమ అచ్చంగా ద్వీపమే. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలిపోయి తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, మధ్యలో వైనతేయ అయింది. దక్షిణాన బంగాళాఖాతం. ఎటునుంచి వచ్చినా నది దాటాల్సిందే. రాజమహేంద్రవరం నుంచి వస్తే జొన్నాడ దాటి రావులపాలెం, తణుకు వైపునుంచి సిద్ధాంతం, పాలకొల్లు నుంచి చించినాడ, కాకినాడ నుంచి యానాం–ఎదుర్లంక వంతెన. లోపలికి వచ్చాక అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్లాలంటే బోడసకుర్రు దగ్గర వైనతేయ. వచ్చేవారి జాబితా తీసుకుని ప్రతి పేరు పక్కనా వంతెన పేరు రాయండి. సగం పథకం అక్కడే తయారవుతుంది.

ఉదాహరణకు హైదరాబాదు వారు. పెద్ద కంపెనీ కనుక విమానంలో రావాలనుకుంటారు. మధురపూడి విమానాశ్రయంలో దిగి, రావులపాలెం మీదుగా రాజోలు, అక్కడినుంచి దిండి చేరేసరికి రెండున్నర గంటలు పడుతుంది. రాత్రి రైలెక్కితే పొద్దున్నే పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన దాటి అరగంటలో గదిలో ఉంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మా దగ్గర మంచు దట్టంగా పడుతుంది. విమానాలు ఆలస్యమవుతాయి, కార్లు దీపాలు వేసుకుని ఎడ్లబండి నడక నడుస్తాయి. అందుకే ఆ నెలల్లో మొదటి రోజు కార్యక్రమం మధ్యాహ్న భోజనం తర్వాతే పెట్టిస్తాను. పొద్దున తొమ్మిదికి దీపం వెలిగించాలని పట్టుబట్టిన ఒక అధికారికి ఖాళీ కుర్చీల ఎదుట దీపం వెలిగించే యోగం పట్టింది. అమలాపురానికి రైలు ఉందా అని ఇంకా అడుగుతూనే ఉంటారు. లేదండీ. కోటిపల్లి–నరసాపురం లైను ఇంకా పూర్తి కాలేదు.

శనివారం వద్దని కూడా చెబుతాను, ముఖ్యంగా రావులపాలెం మీదుగా వచ్చేవారికి. వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనం వల్ల ఆ దారిలో బండ్లు కదలవు. శుక్రవారం రాత్రికే చేరుకోండి, లేదా ఆదివారం మొదలుపెట్టండి.

నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే నది దాటించే బల్లకట్టు ఉంది. మనుషులకు అది సరదా, సామానుకు మాత్రం కాదు. మొదటి ఏడాది దూరం కలిసొస్తుందని మూడు వందల కుర్చీలు నరసాపురంలో అద్దెకు తీసుకుని పంటు మీద దాటిద్దామనుకున్నాను. గాలి ఎక్కువగా ఉందని పంటు ఆపేశారు. కుర్చీలు ఆ ఒడ్డున, డీలర్లు ఈ ఒడ్డున. మా నాన్నగారు ఊరంతా తిరిగి పెళ్లిళ్ల ఇళ్ల నుంచి, బడి నుంచి, పంచాయతీ నుంచి కుర్చీలు పోగుచేశారు. ఏ రెండు కుర్చీలూ ఒక ఎత్తులో లేవు. ఆనాటినుంచి బరువైన సామాను ఏదైనా వంతెన మీదుగానే తెప్పిస్తున్నాను, అదీ ముందురోజు సాయంత్రానికల్లా.

బస్సుల విషయంలో కూడా ఆశకు పోకండి. యాభై మంది పట్టే బస్సు జాతీయ రహదారి మీద బాగుంటుంది. అక్కడినుంచి రిసార్టుకు తిరిగే కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా కొబ్బరి లోడు లారీ వస్తే ఇద్దరిలో ఒకరు అరకిలోమీటరు వెనక్కి నడపాలి. ఇరవై, ఇరవై ఆరు సీట్ల చిన్న బస్సులు మాట్లాడుకోండి.

ఎప్పుడు పెట్టాలి

జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద భయం. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి సంగతి మా ప్రాంతంలో ఏ కొబ్బరి రైతును అడిగినా చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, ఉక్క. పైగా కాలువలు కట్టేస్తారు. నీటి నిండుగా ఉన్న కాలువ ఫొటో చూసి మే నెలకు గదులు తీసుకున్న ఒక బీమా కంపెనీవారికి కిటికీలోంచి కనబడింది ఎండిన బురద, అందులో నాలుగు గేదెలు. ఫొటో అబద్ధం కాదు, నెల వేరు.

కాబట్టి మిగిలింది నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా. అందులోనూ సంక్రాంతి వారం తీసేయండి. ఆ రోజుల్లో పందేలు చూడటానికి వచ్చేవారితో గదులు నెలల ముందే నిండిపోతాయి, అద్దెలు కొండెక్కుతాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, పొలాల మీదుగా కాలువల మీదుగా ప్రభలను భుజాల మీద మోసుకొస్తారు. చూడవలసిన వేడుకే, కానీ ఆ రోజు అమ్మకాల లక్ష్యాల గురించి మాట్లాడితే వినేవారు ఉండరు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం. ఆ నాలుగు రోజులూ సఖినేటిపల్లి, మలికిపురం రోడ్లు మీవి కావు.

అయినా జూలైలోనే పెట్టాలి, ఖరీఫ్ మొదట్లోనే డీలర్లకు చెప్పుకోవాలి అంటారు ఎరువుల కంపెనీలవారు. అలాంటప్పుడు నేను ఒప్పందంలో రెండో తేదీ కూడా రాయించుకుంటాను, వరద వస్తే అదే అడ్వాన్సుతో అక్కడికి జరుపుకునేలా. భద్రాచలంలో నీరు 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరు తర్వాత ధవళేశ్వరం బ్యారేజీకి వస్తుంది. ఇక్కడి లెక్క వేరు: 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే, అంటే సుమారు పది లక్షల క్యూసెక్కులకే, చాకలిపాలెం–కనకాయలంక లాంటి కాజ్‌వేలు నీట మునుగుతాయి. నది మధ్య లంకలో కార్యక్రమం ఉంటే అప్పుడే రద్దు చేయాలి, రెండో హెచ్చరిక కోసం ఎదురుచూడకూడదు.

2022 జూలైలో నాకు నూట యాభై మంది సమావేశం ఒకటి ఉంది. భద్రాచలంలో 71 అడుగులు దాటిందని విన్న రోజు అందరికీ ఫోన్లు చేసి ఆపేశాను. కంపెనీ మేనేజరు గారు, "మీ ఊళ్లో ఎండ కాస్తోందట కదా!" అన్నారు. నిజమే, వానచుక్క లేదు. వరదకు ఇక్కడ వాన అక్కర్లేదు, ఎక్కడో పైన కురిస్తే చాలు. ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మాట్లాడుకున్న వంటవారి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. ఆ మేనేజరు గారు తర్వాత ఫోను చేసి సమావేశం ఊసెత్తకుండా వంటవారు ఎలా ఉన్నారని అడిగారు. ఇప్పటికీ ఆయన పనులు నేనే చేస్తాను.

హాలు

ఇప్పుడు హాలు. కుర్చీలు మాత్రమే వేస్తే మనిషికి పది చదరపు అడుగులు, రాసుకోవడానికి బల్లలు కూడా వేస్తే పద్దెనిమిది, ఇదీ నా లెక్క. రిసార్టువారు చెప్పే "మూడు వందల మంది" పెళ్లి లెక్క. పెళ్లిలో సగం మంది బయట నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు.

హాలును రెండుసార్లు చూడండి, ఒకసారి మీ సమావేశం జరిగే వేళకే. గోదావరి కనబడాలని అద్దాల గోడ కట్టిన హాల్లో మధ్యాహ్నం మూడింటికి నీటిమీద ఎండ తళుక్కుమంటుంది, తెర మీద అక్షరం కనబడదు. మందపాటి తెరలు ఉన్నాయా, అవి పూర్తిగా మూసుకుంటాయా అని లాగి చూడండి. కరెంటు పోతే ఏసీలతో సహా నడిచే జనరేటరు ఉందా, లైట్లకే సరిపోతుందా అని అడిగి ఊరుకోకుండా ఒకసారి మెయిను ఆపి చూపించమనండి. కొబ్బరి మట్ట తీగ మీద పడితే లైను బాగయ్యేసరికి ఒక పూట గడుస్తుంది. ఇంటర్నెట్టుకు రెండు వేర్వేరు కంపెనీల లైన్లు పెట్టుకోండి.

తోటలో షామియానా వేస్తే మాత్రం ముందు చేయవలసింది ఒకటుంది. చెట్లకు దింపు తీయించాలి. మామూలుగా నెలన్నర, రెండు నెలలకోసారి కాయలు దింపుతారు. మీ తేదీకి నాలుగు రోజుల ముందు రైతును అడిగి, ముదురు కాయలతో పాటు ఎండుమట్టలు, పాళలు కూడా కోయించేయండి. ఎండిన మట్ట రాలేముందు చిన్న చప్పుడు చేస్తుంది, 'చర్ర్' మని. కింద ఉన్నవాడు తలెత్తి చూసేలోపే మీద ఉంటుంది. మా దింపు కార్మికుడు ఒకాయన చెట్టు ఎక్కకుండానే కిందినుంచి చూసి, "ఈ గెలలో రెండు కాయలు రేపు రాలతాయమ్మా" అంటాడు. ఎక్కువసార్లు అవి రాలతాయి. ఆయన వేలు చూపిన చెట్టు కింద నేను వేదిక వేయను. కూలి మాత్రం ఆ రోజు సాయంత్రమే చేతికివ్వండి. కంపెనీ బిల్లు ఆమోదం, నలభై అయిదు రోజుల గడువు, ఇవేవీ ఆయనకు చెప్పకండి.

పడవ

అందరూ సాయంత్రం పడవ షికారు అడుగుతారు. మంచిదే. కానీ దిండి దగ్గర వసిష్ఠ సముద్రానికి దగ్గర, ఆటుపోట్లు ఉంటాయి. పోటు వేళకు పడవ రేవుతో సమానంగా నిలుస్తుంది, కాలు వేస్తే చాలు. ఆటు వేళకు నీరు దిగిపోయి పడవ కిందకు జారుతుంది, మధ్యలో నల్లని ఒండ్రు బయటపడుతుంది. ఆ వేళ రోజుకు ముప్పావుగంట, గంట చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది. వారం ముందు చూసి వెళ్లిన సమయం మీ రోజుకు పనికిరాదు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకూ ఆటుకూ తేడా ఇంకా ఎక్కువ. ఒకసారి ఎండీ గారు తెల్ల ప్యాంటుతో పడవ ఎక్కబోయి మోకాలి దాకా ఒండ్రులో దిగబడ్డారు. పడవ నడిపే సరంగులు ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. అదృష్టవశాత్తూ ఆయన నవ్వారు. ఆయన నవ్వాకే మిగతా నూట పదిమందీ నవ్వారు. పడవ ఎక్కడానికి అనువైన వేళ ఎప్పుడో సరంగును అడగండి, కార్యక్రమాన్ని దాని చుట్టూ సర్దండి.

లైఫ్ జాకెట్లు అందరికీ, పడవ కదలకముందే. పెద్దాయన వేసుకోకపోతే మిగతావారు విప్పేస్తారు, కాబట్టి మొదట ఆయనకే తొడిగిస్తాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగాక ఈ విషయంలో నేను మొహమాటపడటం మానేశాను. అనుమతి పత్రం, మనుషుల సంఖ్య రాసి లేని పడవ ఎక్కనివ్వను. మందు పుచ్చుకున్నవారినీ ఎక్కనివ్వను. దీని మీద ఒకరిద్దరు పెద్దమనుషులు నా మీద అలిగి ఉన్నారు.

భోజనం

నవంబరు, జనవరి మధ్య డీలర్ల సమావేశం పెడితే మాలలు వేసుకున్న స్వాములు తప్పకుండా ఉంటారు. నూట యాభైలో పదిహేను మంది ఉండటం నాకు మామూలే. హైదరాబాదు నుంచి పథకం వేసేవారు దీన్ని మరిచిపోతారు. వీరికి ఉల్లి, వెల్లుల్లి లేని వంట, అదీ వేరే పొయ్యి మీద, వేరే పాత్రల్లో. మధ్యాహ్నం భిక్ష వేళ దాటకూడదు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, పూజకు ఒక గది, పడుకోవడానికి చాపలు. పేర్లు నమోదు చేసే కాగితంలో 'మాలలో ఉన్నారా' అనే గడి ఒకటి పెట్టండి. ఒకసారి చికెన్ బిర్యానీ పక్కనే పెరుగన్నం గిన్నె పెట్టి 'స్వాములకు' అని చీటీ అంటించారు ఒక పట్నం వంటవారు. ఆ పదిహేను మందీ ఏమీ అనకుండా లేచి ఊళ్లో మా పిన్నిగారింటికి వచ్చి తిన్నారు. అమ్మకాల్లో మొదటి బహుమతి రావలసిన డీలరు వారిలోనే ఉన్నాడు. కార్తికమాసంలో మాల వేయనివారు కూడా చాలామంది మాంసం మానేస్తారు, అందుకని లెక్క తగ్గించండి. ఆ నెల ఆదివారాలు తోటలన్నీ వనసమారాధనలకు వెళ్లిపోతాయి.

పులస కావాలంటారు. జనవరిలో పులస ఉండదు. వరద ఎర్రనీటికి సముద్రంలోంచి ఎదురీదివచ్చే చేప అది, జూలై నుంచి సెప్టెంబరు దాకా దొరుకుతుంది. మిగతా రోజుల్లో ఆ పేరుతో పెట్టేది సముద్రపు విలస. నిజమైన పులస దొరికినా మధ్యాహ్న భోజనంలో పెట్టకండి. అది ముళ్ల చేప, ఒక్కొక్క ముల్లూ తీస్తూ తింటే మూడున్నర అవుతుంది. ఉపన్యాసం ఇవ్వవలసినాయన అప్పటికీ వేళ్లు నాకుతూనే ఉంటారు. రాత్రికి పెట్టండి.

పొద్దున టిఫినుకు పొట్టిక్కలు పెట్టించండి. పనసాకులను పుల్లలతో గుచ్చి బుట్టగా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనకు ఫోను చూస్తున్నవారు తలెత్తుతారు. రెండు వందల మందికంటే బుట్టలు కుట్టడానికే ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆడవాళ్లు కూర్చోవాలి, కనుక సంఖ్య ఆఖరి నిమిషంలో మార్చకండి. పనసపొట్టు కూర ఒకటి ఉండనివ్వండి. మిగతా పట్టిక మీ ఇష్టం.

కాగితాలు, మాటలు

గది అద్దె మీద పన్ను ఆ గది ఉన్న రాష్ట్రానిదే. మీ కంపెనీ రిజిస్ట్రేషను తెలంగాణలోనే ఉంటే, ఆ జీఎస్‌టీ నంబరు మీద బిల్లు రాయించుకున్నా ఇక్కడ కట్టిన పన్ను మీకు జమ కాదు. విజయవాడలోనో విశాఖలోనో శాఖ ఉంటే ఆ నంబరు ఇవ్వండి, గదులు మాట్లాడుకున్న రోజే ఇవ్వండి. విందులో మద్యం పోయాలంటే ఎక్సైజు శాఖ అనుమతి కావాలి. యానాం పక్కనే కదా, అక్కడినుంచి తెచ్చుకుంటామని ప్రతిసారీ ఒకరు అంటారు. యానాం పుదుచ్చేరిలో భాగం, ఎదుర్లంక వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. ఆ సీసాలతో పట్టుబడితే కేసు. రాత్రి పది దాటాక మైకు ఉండకూడదు. లంకలో మాట నీటిమీద నడిచి అవతలి ఊరిదాకా వెళుతుంది, ఫిర్యాదు ఈ ఒడ్డునుంచే వస్తుందని అనుకోకండి.

మా వాళ్ల మాట తీరు గురించి కూడా చెప్పాలి. పని అప్పగిస్తే "ఆయ్, అలాగేనండి" అంటారు. పట్నంవారు దాన్ని ఒప్పందంగా తీసుకుంటారు. అది మర్యాద. మీరు చెప్పింది విన్నాము అని అర్థం, అంతే. పని జరుగుతుందా లేదా తెలియాలంటే, "ఎన్ని గంటలకు, ఎవరిచేత, దేంట్లో పంపిస్తారండీ?" అని అడగండి. మూడింటికీ జవాబు వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. "చూద్దామండి" అన్నారంటే ఆ సాయంత్రానికే ఇంకొకరిని వెతుక్కోండి.

తిరుగు ప్రయాణంలో ఇచ్చే కానుకకు ఆత్రేయపురం పూతరేకులు చెబుతారు అందరూ. వారం ముందు చెప్పండి, చక్కెరవి ఎన్ని, బెల్లంవి ఎన్ని అని వేరువేరుగా. పెట్టెలను గదుల్లో ముందురాత్రి పెట్టించకండి. బస్సు మెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతికీ ఇవ్వండి, ఒళ్లో పెట్టుకోమనండి. కాలువ గట్టు గతుకుల మీద డిక్కీలో వెళ్లిన పెట్టెలు రావులపాలెం వంతెన చేరేసరికి పొడి అవుతాయి, ఆ ఫోన్లు మళ్లీ నాకే వస్తాయి.